దొరకు నడుము పడిపోయిన వానాకాలం

నిరుడు వానాకాలం మా దొరకు నడుము కింద చచ్చుబడిపోయింది. దొర అంటే మనిషి కాదు, మా కుక్క. ఈ ముక్క మొదటే చెప్పేస్తున్నాను. చెప్పకపోవడం వల్ల అప్పట్లో కల్లూరు దాకా గందరగోళం అయింది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

నా పేరు పుష్ప. కొత్తగూడెం డిపోలో కండక్టర్ని. మాది చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న తండా. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. అయినా చంటిపిల్ల తల్లి ఎక్కితే ఎక్కడో ఒక సీటు పుట్టిస్తాను. ఎవరైనా "మీతో కాదు" అంటే ఆ మాట నా చెవిలో దూరదు. అది నా గుణం, మంచిదో చెడ్డదో మా ఇంట్లోవాళ్లు ఇంకా తేల్చుకోలేదు.

దొర పేరు మా మామ లాల్‌సింగ్ పెట్టింది. కల్లూరు దగ్గర మామిడి తోటలున్న వెంకటనారాయణగారు వాడు కుక్కపిల్లగా ఉన్నప్పుడు ఇచ్చారు. తల్లి ఏదో సీమజాతి, తండ్రి ఊరకుక్క. ఏడాది తిరక్కుండానే దూడంత అయ్యాడు. "జిందగీ అంతా దొర పిలిస్తే నేను ఉరికిన. ఇప్పుడు నేను పిలిస్తే దొర ఉరకాలె" అని మామ ఆ పేరు ఖాయం చేశాడు. పొద్దున్నే వాకిట్లో నిలబడి "దొరా, ఇటు రా. దొరా, కూసో" అని తండా అంతటికీ వినబడేలా పిలిచేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీల భాష, గోర్ బోలీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను. దొరను పిలిచేటప్పుడు మాత్రం మామ కూడా తెలుగే వాడేవాడు. దొరలకు మన భాష రాదని ఆయన వాదన.

మృగశిర వానలకు చేలో మొక్కజొన్న పెట్టాం. గింజ నేలలో పడితే చాలు, అడవి పందులకు కబురు వెళ్లిపోతుంది. సాళ్ల వెంట మూతితో తవ్వుకుంటూ పోతే మళ్లీ విత్తుకోవలసిందే. అందుకని మామ మంచె మీద, దొర మంచె కింద కాపలా ఉండేవాళ్లు. ఒకనాడు తెల్లవారేసరికి మామ ఒక్కడే ఇంటికి వచ్చి, మా ఆయన తిరుపతితో "బండి కట్టు" అన్నాడు. పంది పక్క నుంచి గుద్దితే దొర గట్టు మీది నుంచి బండరాళ్ల మీద పడ్డాడట. ముందు కాళ్లతో పాక్కుంటూ మంచె దాకా వచ్చాడు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాయి, అంతే.

పశువుల దవాఖానాలో డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడు, ఓపిగ్గా చూశాడు. వెనక కాలి వేళ్ల మధ్య గట్టిగా గిల్లాడు. దొర వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"ఎముక విరగలేదమ్మా. లోపల నరం వాచింది. వాపు తగ్గితే లేవొచ్చు, లేవకపోవచ్చు. అప్పటిదాకా పక్కలు మారుస్తూ ఉండాలి, పుండ్లు పడనియ్యొద్దు. మూత్రం కూడా తనంతట తాను పొయ్యలేడు, కడుపు కింద నొక్కి మీరే పోయించాలి. చిన్న కుక్కయితే ఏమో గానీ ఇంత పెద్దదాన్ని ఇంట్లో పెట్టుకుని చూడటం మీతో కాదు."

తిరుపతి నా మొహం చూడకుండా అడిగాడు. "సూది ఒకటి ఉంటది గదా సార్. నొప్పి తెల్వకుంట పోయేటిది."

"ఉంది" అన్నాడు డాక్టరు, నెమ్మదిగా.

నేను మాత్రం "మీతో కాదు" దగ్గరే ఆగిపోయాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా దొరతో నాకు పెద్ద చనువు లేదు. ఉతికిన బట్టల మీద వాడి వెంట్రుకలు ఏరడమే మా ఇద్దరి మధ్య బంధుత్వం. కానీ మామ దవాఖానా గడప మీద కూర్చుని రెండు చేతులతో తలపాగా నలుపుతున్నాడు. ఆయన అత్తమ్మ పోయినప్పుడు కూడా అట్లా కూర్చోలేదు.

"దాటుడు పండుగ దాకా టైం ఇయ్యిండ్రి సార్" అన్నాను. "పశువుల పండుగ మాది, పుష్యాల కార్తెల వస్తది. అప్పటికి లేవకపోతే మీరన్నట్టే కానియ్యిండ్రి."

డాక్టరు తిరుపతి వైపు చూశాడు. తిరుపతి, "ఆమె చెప్పినంక ఇంకేముంటది సార్" అన్నాడు.

ఇంటికి రాగానే పడ్డ బర్రెను లేపినట్టే లేపుదామన్నాను. మా వైపు బర్రె పడిపోతే ఊరుకోం. కొట్టం దూలానికి తాళ్లు వేసి, కడుపు కింద గోనెపట్టా చుట్టి, కాళ్లు నేలకు ఆనేంత ఎత్తుకు లాగి నిలబెడతాం. బరువు దూలం మోస్తుంది, కాళ్లు నేలను మరిచిపోకుండా ఉంటాయి. దొరకు కూడా అదే కట్టాం. బర్రె అయితే కళ్లు మూసుకుని నెమరేస్తుంది. వాడు మాత్రం మేం ముగ్గురం కలిసి ఉరి తీస్తున్నామన్నట్టు చూశాడు.

పడుకోవడానికి వాగు ఇసుక పోసి మెత్తగా చదును చేశాం. తడిస్తే పైపొర తీసి పారేయొచ్చు. ఈగలు ముసరకుండా దోమతెర వేశాం. డ్యూటీకి వెళ్లేముందు నేను కడిగేదాన్ని, పక్క మార్చేదాన్ని, కడుపు నొక్కేదాన్ని. మొదటిసారి నొక్కినప్పుడు నా మీదే పోశాడు. దారి తెలిసింది కదా అని సంబరపడి ఇంకో చీర కట్టుకుని బస్సెక్కాను. మధ్యాహ్నం పని తిరుపతిది. ఎత్తడం, దించడం కూడా ఆయనదే. సణుక్కుంటూనే చేసేవాడు గానీ, ఎత్తేటప్పుడు దొర తల తన భుజం మీద ఆనించుకునేవాడు. అది నేను చూశానని ఆయనకు తెలియదు.

మామకు ఏ పనీ చెప్పలేదు. పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, కూర్చోనిద్దామనుకున్నాను.

ఇక పలకరింపులు మొదలయ్యాయి. మా దగ్గర మనిషి మంచం పట్టాడంటే ఊరంతా వచ్చి చూసిపోవాలి, ఉత్త చేతులతో రాకూడదు. దొరకు పక్షవాతం వచ్చిందని తెలిసి మొదట్లో నవ్వులాటకే వచ్చారు. ఒకామె బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చి వాడి తల దగ్గర పెట్టి, "ఎట్లున్నది దొరా పానం?" అని అడిగింది. దొర ముందు కాలు ఆమె ఒళ్లో పెట్టాడు. అంతటితో నవ్వులాట పోయింది. మర్నాటి నుంచి నిజంగానే వచ్చారు. పక్షవాతానికి పావురం మాంసాన్ని మించిన మందు లేదని మా పక్కింటి మంగ్లి వండి తెచ్చింది. ఇంకొకరు గుడ్లు, ఇంకొకరు పాలల్లో నానేసిన బన్నులు. ఎవరినీ కాదనలేదు దొర. నడుము పైన వాడికి ఏ జబ్బూ లేదు కదా.

నాకు కూడా బాగానే అనిపించింది. ఇంతమంది ప్రేమ పెడుతుంటే లేవక ఏంచేస్తాడని ధీమాగా ఉన్నాను. కానీ రోజులు గడిచేకొద్దీ తాళ్లు కిర్రుమనడం ఎక్కువైంది. తిరుపతి ఎత్తేటప్పుడు ఆపసోపాలు పడుతుంటే, చేలో పని ఎక్కువై అలిసిపోతున్నాడనుకున్నాను.

కల్లూరు గందరగోళం అప్పుడే జరిగింది. బస్సులో ఉండగా తిరుపతి ఫోన్ చేశాడు. ఎంత నొక్కినా దొర పోయడం లేదట. ఇంజన్ హోరులో వినబడాలి కదా, నేను గట్టిగా చెప్పాను.

"దొరకు రెండు చేతుల తోని నొక్కు, మెల్లగ పోస్తడు. పక్క మీద పోసినా పరేషాన్ గాకు, నేనొచ్చి కడుగుత."

ముందు సీటులో ఉన్న పెద్దామె గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏ దొరమ్మా?"

"మా దొరే అమ్మా. కల్లూరు వెంకటనారాయణగారు లేరూ…" అన్నానో లేదో స్టేజీ వచ్చింది. జనం మీద పడ్డారు. టికెట్ మిషన్ కొట్టుకుంటూ మిగిలిన ముక్క తర్వాత చెప్పాను. "నడుము కింద పడిపోయింది. మా ఇంట్లనే పెట్టుకొని చేస్తున్నం."

ఆ మాట మా బస్సు కంటే ముందే కల్లూరు చేరింది. వెంకటనారాయణగారికి పక్షవాతం వచ్చిందట, ఇంట్లోవాళ్లు చూడకపోతే తండాలో ఒక కండక్టరమ్మ తెచ్చి పెట్టుకుని చాకిరీ చేస్తోందట. పాపం, ఆయన ఆ సాయంత్రం తోటలో నీళ్లు కడుతుంటే ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి, లేచి నిలబడి ఉన్నందుకు ఆశ్చర్యపోయారట.

మర్నాడు మా వాకిట్లో కారు ఆగింది. వెంకటనారాయణగారు దిగారు. వెనకే ఆయన భార్య ప్రమీలారాణిగారు కూడా దిగారు. ఆ కబురు విన్నాక రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

"ఏమ్మా పుష్పా, నేను మీ ఇంట్లో మంచం మీద ఉన్నానంట. ఎలా ఉన్నానో ఒకసారి చూసుకుని పోదామని వచ్చాను" అన్నారాయన.

నేను కొట్టంలోకి తీసుకెళ్లి దోమతెర ఎత్తాను. "వీడేనండీ దొర."

ఆయన కాసేపు దొరనూ నన్నూ మార్చి మార్చి చూశారు. "నా పేరు కుక్కకు పెట్టారన్నమాట."

"పేరు కాదండీ, హోదా" అన్నాను.

ప్రమీలారాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ నవ్వు ఆగలేదు. దాంతో ఆయన కూడా నవ్వేశారు. మామ మాత్రం గోడవైపు తిరిగి చుట్ట వెలిగించుకుంటున్నాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. వెంకటనారాయణగారు ఇసుకలో చతికిలబడి దొర వీపు నిమిరారు, పక్కటెముకల కోసం తడిమారు. దొరకలేదు.

"ఇదేంటమ్మా, జబ్బు చేసిన కుక్క ఇలా ఉంటుందా? పండగ పొట్టేలులా మేపారే. ఇంత కొవ్వు నడుము మీద వేసుకుని బాగున్న కుక్క కూడా లేవదు. వీడి కాళ్లకు ప్రాణం వచ్చినా ఈ బరువును ఏం మోస్తాయి?"

రోజూ చూసే కంటికి తేడా తెలియదు. పదిమంది ప్రేమగా పెట్టిన తిండే వాడిని నేలకు అదిమి పట్టిందని మాకు ఎవరికీ తోచలేదు. మనిషి లేవాలంటే తినాలి, ఇదే మాకు తెలిసిన వైద్యం. ఆయనకు టీ ఇచ్చి పంపి, ఆ సాయంత్రమే తండా అంతా తిరిగి చెప్పాను. ఇక దొరకు ఎవరూ ఏమీ పెట్టొద్దు, చూసి పోవాలంటే ఉత్త చేతులతో రావాలి.

"తినే నోటికి అడ్డం పడితే పాపం తగుల్తది పుష్పా" అంది మంగ్లి. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేసింది. కొందరు పలకరింపులు మానేశారు. ఉత్త చేతులతో వెళ్లడం వాళ్లకు సిగ్గు. పోనీలే అనుకున్నాను. బస్సులో రోజూ తిట్లు తినేదాన్ని, తండా తిట్లు నాకొక లెక్కా.

నేను కొలిచి పెట్టిందే తిండి. అయినా దొర తగ్గలేదు. దొంగ ఇంట్లోనే ఉన్నాడని అర్థమైంది. ఒకరోజు ఇంకో కండక్టరుకు డ్యూటీ అప్పజెప్పి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చాను. తిరుపతి చేలో ఉన్నాడు. కొట్టంలో మామ దోమతెర లోపల దొర పక్కన కూర్చుని ఉన్నాడు. పళ్లెంలో ఆయనకని నేను పొద్దున చేసిపెట్టిన జొన్న బాటీలు, మా రొట్టెలు. ముక్క తుంచి దొర నోట్లో పెడుతున్నాడు. ఆయన నోట్లో ఒక్క ముక్కా పెట్టుకోవడం లేదు.

"మామా."

చేయి ఆగింది గానీ తల తిప్పలేదు.

"నేను ఊరంతటికీ చెడ్డయిన. మంగ్లి నాతోని మాట్లాడుతలేదు. నువ్వు ఇంట్ల కూసొని గీ పని చేస్తున్నవా? నువ్వే సంపుకుంటున్నవ్ వాన్ని."

అనకూడని మాట అది. అన్నాక గానీ తెలియలేదు. మామ పళ్లెం పక్కన పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"నువ్వు కడుగుతున్నవ్. తిరుపతి ఎత్తుతుండు. నాకేం చేతనైతది బిడ్డా? ఆ పంది మీదికి వాన్ని ఉసికొల్పింది నేనే. వాడు వద్దన్నడా? నేను పొమ్మన్న, పోయిండు. ఇప్పుడు వాని ముంగట కూసొని నేనేం చెయ్యాలె? అన్నం పెట్టుడు ఒక్కటే నా చేతనైన పని."

ఇంటిల్లిపాదికీ పనులు పంచి, ఆయన్ని గోడకు చేర్చి కూర్చోబెట్టింది నేనే. దయ అనుకున్నాను. పని లేనివాడికి బాధ తప్ప ఏం మిగులుతుంది. నేను కూడా ఇసుకలో కూర్చున్నాను. ఇద్దరం దొర వంక చూశాం. దొర పళ్లెం వంక చూస్తున్నాడు. ముందు కాళ్లు రెండూ అటే చాపి, మెడ సాగదీసి, ఒళ్లంతా అటే లాగుతున్నాడు.

"నువ్వే పెట్టు మామా" అన్నాను. "రేపటి సంది దొరకు బువ్వ నీ చేతినుంచే. నేను పెట్టను, తిరుపతి పెట్టడు. కానీ వాని దగ్గరికి పోయి పెట్టొద్దు. నువ్వు దూరం కూసో. వాడే నీ దగ్గరికి రావాలె."

మామ అప్పుడు నా వైపు చూశాడు. "వస్తడా?"

"నువ్వు పిలిస్తే రాడా?"

మర్నాటి నుంచి వాకిట్లో అదే తంతు. నడుము కింద ఒక పొడుగాటి తువాలు వేసి రెండు కొసలూ పట్టుకుని నేను వెనక నిలబడతాను. మామ ఎదురుగా పీట మీద కూర్చుని బాటీ ముక్క చూపిస్తాడు. "దొరా, ఇటు రా." దొర ముందు కాళ్లతో లాగుతాడు, వెనక బరువు నేను మోస్తాను. వాడి పాదాలు నేల మీద అటూ ఇటూ తడబడతాయి. ముక్క నోటికి అందగానే మామ పీట వెనక్కి జరుపుతాడు. ముసలాయన ఎంత గడుసువాడంటే, వాడు నములుతుండగానే చప్పుడు కాకుండా జరిపేవాడు. వాన పడితే కొట్టంలో, తెరిపిస్తే వాకిట్లో. నా రెక్కలు పడిపోయేవి.

దొర తగ్గాడు. పక్కటెముకలు చేతికి తగిలాయి. ఒక పొద్దున, మామ బాటీ తుంచుతుంటే, దొర తోక చివర కదిలింది. ఈగను తోలినట్టు ఒక్కసారి, అంతే. తల ప్రాణం తోకకు వచ్చిందని అలిసిపోయినవాళ్లు అంటారు. మాకు కావలసింది సరిగ్గా అదే. ఆ రోజు నేను బస్సులో గొంతు చించుకోకుండా అందరినీ నవ్వుతూ ముందుకు జరిపానని డ్రైవరు ఆశ్చర్యపోయాడు.

కానీ వానలు ముదిరాయి. ఇసుక ఆరడం లేదు. ఎంత చూసినా తుంటి మీద చర్మం కమిలి పుండు పడింది. పండుగకు కొద్దిగా ముందు డాక్టరు తానే బండి వేసుకుని వచ్చాడు. పుండు కడిగి మందు రాశాడు. కాలి వేళ్ల మధ్య గిల్లితే ఈసారి దొర చెవులు కదిలాయి.

"స్పర్శ కొంచెం వచ్చింది. మీరు చేసింది మామూలు పని కాదమ్మా. కానీ తనంతట తాను నిలబడకపోతే ఈ పుండు ఆగదు. లోపలికి పోతే వాడు నరకం చూస్తాడు."

డాక్టరు వెళ్లాక తిరుపతి నన్ను పెరట్లోకి పిలిచాడు. కోపంగా మాట్లాడతాడనుకుని నేను కూడా సిద్ధంగా ఉన్నాను.

"పుష్పా, నువ్వు డ్యూటీకి పోయినంక వాడు ఏడుస్తడు. పక్క మార్చేటప్పుడు పుండు రాసుకుంటది గదా, అప్పుడు. పెద్దగ కాదు, సన్నగ. నీకు ఇనబడదు. నాకు ఇనబడుతది. నేను వాడంటే ఇష్టం లేక సూది అంటలేను."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. "పండుగ తెల్లారి డాక్టర్ని రమ్మను" అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు. మామకు చెప్పే పని కూడా నేనే పెట్టుకున్నాను. ఆయన విని, "అవ్, నొప్పి వానిది గదా" అన్నాడు.

దాటుడు పండుగ మంగళవారం వచ్చింది. అది మా సీత్లా తల్లి పండుగ. పశువులను కాపాడే తల్లి ఆమె. తండా పొలిమేరలో ఆ తల్లితో కలిపి ఏడుగురు అక్కచెల్లెళ్లని రాళ్లుగా నిలిపి, మేకను కోసి, దాని పేగులు దారికి అడ్డంగా పరుస్తారు. ఇంటింటి ఎడ్లూ బర్రెలూ మేకలూ వాటి మీదుగా దాటాలి. దాటిన పశువుకు ఆ ఏడు రోగం రాదు. కుక్కలను దాటించే ఆచారం లేదు గానీ, మామ ఏటా దొరను ఎడ్ల వెనకే నడిపించేవాడు. ఈసారి కూడా దాటిద్దామన్నాడు. ఎందుకో ఎవరమూ అడగలేదు.

బండి మీద పొలిమేర దాకా తెచ్చి దించాం. పండుగ హడావిడిలో పొద్దున వాడికి బాటీ పెట్టడం కూడా మరిచిపోయాం. ఆడవాళ్లు పాడుతున్నారు, సన్నగా తుంపర పడుతోంది. తండా పెద్ద మంగీలాల్ రాళ్ల పక్కన నిలబడి ఒక్కో ఇంటి పశువులనూ పిలుస్తున్నాడు. మా వంతు వచ్చింది. ముందు తిరుపతి ఎడ్లను తోలాడు, అవి దాటాయి. తర్వాత బర్రె దాటింది. చివర మేం. మామ ముందుకు వెళ్లి అవతలి వైపు నిలబడ్డాడు. నేను తువాలు రెండు కొసలూ బిగించి పట్టుకుని దొరను నడిపిస్తూ వచ్చాను. జనం పాట ఆపేసి దారి ఇచ్చారు. నా కళ్లు మసకగా ఉన్నాయి. ఇదే ఆఖరి నడక అనుకుంటూ అడుగు అడుగూ వేస్తున్నాను.

మామ పిలవడానికి చెయ్యి చాపాడు.

అప్పుడు నా చేతులు తేలికయ్యాయి. నేనే జారవిడిచానేమో అనుకుని కిందికి చూశాను. తువాలు రెండు కొసలూ నా పిడికిళ్లలోనే ఉన్నాయి. మధ్యలో దొర లేడు.

ముందుకు చూస్తే పేగుల ముందు నిలబడి ఉన్నాడు. నాలుగు కాళ్ల మీద. వెనక కాళ్లు గాలికి ఊగే కర్రల్లా వణుకుతున్నాయి గానీ నిలబడి ఉన్నాయి. ఒక దూకు దూకాడు. పేగులను నోటికి అందినంత పట్టుకుని, వాటి మీదే కూలబడి, అక్కడే తినడం మొదలుపెట్టాడు.

దేవత ముందు పెట్టిన దాన్ని కుక్క ముట్టింది. ఇది ఎప్పుడూ జరగలేదు, జరిగితే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అందరూ మంగీలాల్ వైపు చూశారు. మంగీలాల్ మామ వైపు చూశాడు.

"లాల్‌సింగూ, తల్లి సొమ్ము ముట్టిండు నీ దొర. ఏం చేద్దామంటవ్?"

మామ దొర దగ్గరికి నడిచి, కష్టం మీద మోకాళ్లు వంచి, వాడి పక్కన కూర్చున్నాడు. వెనక కాలి మీద చెయ్యి వేశాడు. ఆ కాలు చేతిని తన్నింది.

"మన పశువులను కాసేది ఎవలు మంగీలాల్? తల్లి కాస్తది. వీడు కాస్తడు. ఇద్దరు పనోళ్లు ఒక్క పళ్లెంల తింటే తప్పేంది?"

మంగీలాల్ మీసం కదిలింది. రాళ్ల వైపు తిరిగి తలపాగా సర్దుకుని దణ్ణం పెట్టాడు, చాలాసేపు పెట్టాడు. తర్వాత గొంతు పెంచి, "జల్దీ తోలుండ్రి మిగిలిన పశువులను. వాడు అంతా తినకముందే" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత తండా అంతా నవ్వింది. నవ్వులోనే ఆడవాళ్లు పాట మళ్లీ ఎత్తుకున్నారు. ఎప్పుడొచ్చిందో మంగ్లి నా పక్కన నిలబడి, "ఉపాసం పెట్టి మంచిపని చేసినవ్ లే" అంది.

తిరుపతి ఎడ్లను వదిలేసి చెట్టు కిందికి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాడు. అవతలి మాట నాకు వినబడలేదు. ఇవతలిది మాత్రం అందరికీ వినబడింది.

"రేపు రాకుండ్రి సార్. కాదు సార్, సావలే. లేసిండు. మా దొర లేసిండు సార్, దొంగతనానికి లేసిండు."

చెబుతూ చెబుతూ ఆయన ఏడుస్తున్నాడు. నేను కూడా ఏడ్చాను. ఇన్నేళ్ల డ్యూటీలో ఎవరి ముందూ కన్నీరు పెట్టనిదాన్ని, తండా అంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చి, చేతిలో ఉన్న తువాలుతోనే ముఖం తుడుచుకున్నాను. అది ఏ తువాలో గుర్తొచ్చేసరికి రెండోసారి తుడుచుకోవడం కూడా అయిపోయింది.